చియాంగ్ మైలో ఒక పూట వంటబడి

బ్యాంకాక్‌లో దిగిన మొదటి రాత్రే మా అబ్బాయికి పెదవులు దురద పెట్టడం మొదలైంది.

వాడికి పద్నాలుగేళ్లు. రొయ్యలు పడవు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. దేశంలో రొయ్యల సాగుకు పెట్టింది పేరు మన రాష్ట్రం, అందులోనూ మా వైపు ఊళ్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రొయ్యల చెరువుల అప్పు ఫైళ్లు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు ఆరేళ్లప్పుడు ఒక పెళ్లిలో రొయ్యల వేపుడు తిని, ముఖం వాచి, ఊపిరందక ఆస్పత్రి పాలయ్యాడు. అప్పటి నుంచి మా ఇంట్లో రొయ్య వండలేదు. వాడి మందుల సంచీ లేకుండా ఊరు దాటలేదు.

ఆ రాత్రి వీధి పక్కన ఒక బండి దగ్గర నూడుల్స్ చెప్పాం. రొయ్య బొమ్మ చూపించి, చేతులడ్డంగా ఊపి, వద్దని మరీ మరీ చెప్పాం. ఆవిడ నవ్వి తలూపింది. మా కళ్లముందే రొయ్యలు పక్కన పెట్టి వండింది. రెండు ముద్దలు తిన్నాడో లేదో, "నాన్నా, నాలుక మీద ఏదోలా ఉంది" అన్నాడు. డాక్టరు రాసిచ్చిన మాత్ర వెంటనే వేశాం. దేవుడి దయవల్ల గంటలో తగ్గింది. మేమిద్దరం మాత్రం తెల్లారేదాకా వాడి ఊపిరి వింటూ కూర్చున్నాం.

తర్వాత రెండు రోజులు మా వాడి భోజనం ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు, వట్టి అన్నం. ఇది ఎల్‌ఎఫ్‌సీ మీద వెళ్లిన ప్రయాణం కాదు, సొంత డబ్బు పెట్టి, మూడేళ్లు కూడబెట్టి వెళ్లింది. "ఏమండీ, ఇంత దూరం వచ్చింది అరటిపళ్లు తినడానికా?" అంది మా ఆవిడ. రాత్రి రైలెక్కి ఉత్తరాన ఉన్న చియాంగ్ మై వెళ్తున్నప్పుడు ఉపాయం కూడా ఆవిడే చెప్పింది. "అందులో ఏం వేస్తారో తెలియకే కదా ఈ భయం. ఒకసారి దగ్గరుండి వండితే తెలిసిపోతుందిగా!"

అలా వెళ్లాం వంటబడికి. సరదాకి కాదు, అవసరం కొద్దీ. మనవాళ్లు చాలామంది ఇప్పుడు థాయిలాండ్ వెళ్తున్నారు. శాకాహారులు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు, మా లాగా ఏదో ఒకటి పడనివాళ్లు అందరికీ అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఏం తినాలి?" అన్నదే. అందుకే ఆ ఒక్క పూటలో నేర్చుకున్నది మన కుటుంబాలతో పంచుకుంటున్నాను.

వంటబడి అంటే ఏమిటి?

చియాంగ్ మై 1296లో మెంగ్రాయ్ రాజు కట్టించిన ఊరు. పాత కోట చుట్టూ నాలుగు వైపులా కందకం, లోపల గుళ్లు. ఆ ఊళ్లో పర్యాటకులకు వంట నేర్పే బళ్లు వీధికొకటి ఉన్నాయి. కొన్ని ఊళ్లోనే ఇళ్లలో నడుస్తాయి, కొన్ని ఊరి బయట తోటల్లో. సగం రోజు, పూర్తి రోజు అని రెండు రకాలు. మేం చేరింది సగం రోజు తరగతిలో, మనిషికి 1000 బాట్లు. ఆ వారం బాట్ రేటు మన డబ్బుల్లో దాదాపు 2 రూపాయల 60 పైసలు. అంటే తలకి 2600 రూపాయలు. అందులో బస నుంచి తీసుకెళ్లి దింపడం, మార్కెట్ చూపించడం, సరుకులు, నాలుగు వంటకాలు, వాటితో భోజనం అన్నీ కలిసే ఉన్నాయి.

ఉదయం ఎనిమిదిన్నరకు ఎర్ర సాంగ్‌థయో వచ్చింది. మన షేర్ ఆటోకి అన్నలాంటి బండి. వెనక ఎదురెదురుగా రెండు బల్లలుంటాయి. ఆ పేరుకు అర్థమే 'రెండు వరసలు'. అందులో మాతోపాటు ఒక జర్మన్ జంట, ఇద్దరు కొరియా అమ్మాయిలు. మొత్తం ఏడుగురం.

నేర్పే ఆవిడను అందరూ 'ఖ్రూ' అని పిలుస్తున్నారు. థాయ్ భాషలో టీచరు. అది మన 'గురువు'లోంచి వెళ్లిన మాటే. ఆ రోజంతా ఇలాంటి చుట్టాలు చాలా తగిలాయి. ఆహారాన్ని వాళ్లు 'ఆహాన్' అంటారు, రసాన్ని, అంటే రుచిని, 'రొత్' అంటారు. శాకాహారానికి 'మంగ్సవిరత్' అనే మాట ఉంది. విడదీస్తే మాంస విరతి! సంస్కృతం, పాళీ భాషల మాటలు అటు మనకూ ఇటు వాళ్లకూ చేరడం వల్ల వచ్చిన బంధుత్వం ఇది.

మార్కెట్లో తెలిసినవాళ్లే

మొదటి గంట మార్కెట్లోనే. మా ఆవిడ ఒక్కొక్క గంప దగ్గర ఆగి, "ఇది మనదేగా" అంటూ నడిచింది. చింతపండు, కొబ్బరి, బెల్లంలా గడ్డకట్టిన తాటిచక్కెర, కొత్తిమీర, పసుపు కొమ్ములు, ఉస్తికాయల్లాంటి చిట్టి వంకాయలు, గోళీ అంత పచ్చ వంకాయలు. కొత్తిమీరను మాత్రం వాళ్లు వేళ్లతో సహా అమ్ముతారు. మనం కోసి పారేసే ఆ వేళ్లే వాళ్ల ముద్దకు ప్రాణం.

కొత్తగా తెలుసుకోవాల్సినవి మూడే. ఒకటి 'ఖా'. చూడ్డానికి అల్లంలా ఉంటుంది గానీ వాసన వేరు. మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే దుంపరాష్ట్రం ఆ కుటుంబందే. రెండు 'తక్రాయ్', అంటే నిమ్మగడ్డి. కింది తెల్లటి భాగమే నూరుతారు, పై ఆకు పులుసుకు వాసన ఇవ్వడానికి. మూడు మాక్రూత్ నిమ్మ ఆకు. ఒక ఆకుకు ఇంకో ఆకు అతికించినట్టుంటుంది. నలిపి వాసన చూస్తే మజ్జిగలో వేసుకునే దబ్బాకు గుర్తొచ్చింది.

ఒక చోట మా ఆవిడ ఉన్నట్టుండి ఆగిపోయింది. గంపలో తులసి కట్టలు. 'ఫాద్ క్రప్రావ్' అనే వేపుడులో మాంసం కీమాతో కలిపి వేసేది ఆ తులసే. మనం తీర్థంలో వేసుకునేది వాళ్లకు ఆకుకూర. గ్రీన్ కర్రీలో వేసే 'హోరఫా' మాత్రం వేరు. అది సబ్జా గింజలిచ్చే మొక్క జాతిది.

రోటి దగ్గర అసలు పాఠం

వంటశాలలో మనిషికో పొయ్యి, మూకుడు, కత్తి, చెక్క. కొలిచి పెట్టిన సరుకులు పళ్లేల్లో సిద్ధంగా ఉన్నాయి. ఎంబీఏలో చదివిన ఆపరేషన్స్ పాఠాలన్నీ అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపించాయి. ఏడుగురు చేతకానివాళ్లతో నాలుగు గంటల్లో ఇరవైకి పైగా గిన్నెలు వండించడం మాటలు కాదు!

మా వాడు గ్రీన్ కర్రీ ఎంచుకున్నాడు. మా ఆవిడ తొమ్ యమ్ పులుసు. నేను ఖావ్ సోయ్. అది ఆ ప్రాంతపు ప్రత్యేకత. కొబ్బరిపాల కూరలో గుడ్డు నూడుల్స్, పైన కరకరలాడే వేయించిన నూడుల్స్, పక్కన ఆవకూర పచ్చడి, ఉల్లిపాయ, నిమ్మబద్ద.

కూర ముద్ద నూరడానికి రాతి రోలు ఇచ్చారు. వరస ముఖ్యమని టీచరమ్మ చెప్పింది. ముందు వేయించిన ధనియాలు, జీలకర్ర, మిరియాలు. తర్వాత ఉప్పు వేసి నిమ్మగడ్డి, ఖా, నిమ్మతొక్క, కొత్తిమీర వేళ్లు లాంటి గట్టి సరుకు. ఆ తర్వాత పచ్చిమిరప. చివర్లో తడి ఎక్కువుండే చిన్న ఉల్లి, వెల్లుల్లి. తడివి ముందు వేస్తే గట్టివి జారిపోతాయి, నలగవు. మిక్సీ కోస్తుంది, రోలు పిండుతుంది. పిండితేనే నూనెలూ వాసనలూ బయటికొస్తాయి. మా ఆవిడ నూరే తీరు చూసి టీచరమ్మ పక్కన నిలబడి, "నువ్వు ఇంట్లో రోజూ నూరుతావా?" అని అడిగింది. "మా అమ్మ నూరేది" అంది మా ఆవిడ.

ముద్దలో చివరగా వేసే సరుకు దగ్గరికి వచ్చేసరికి టీచరమ్మ ఆగింది. చిన్న డబ్బాలో ఊదారంగు ముద్ద. మా వాడిని రెండడుగులు వెనక్కి జరగమంది. మూత తీయగానే మా ఊరి ఎండు రొయ్యల వాసన గుప్పున కొట్టింది. దాని పేరు 'కపి'. చిన్న రొయ్యల్ని ఉప్పుతో కలిపి, ఎండబెట్టి, నూరి, పులియబెట్టి చేస్తారు. గ్రీన్ కర్రీ, రెడ్ కర్రీ ముద్దల్లో మామూలుగా ఇది ఉంటుంది.

నేను మొదటి రాత్రి సంగతి చెప్పాను. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మీరు రొయ్య వద్దంటే పైన వేసే రొయ్య తీసేస్తారు. పాద్ థాయ్‌లో సన్నటి ఎండు రొయ్యలు కూడా పడతాయి. అవి వాళ్ల లెక్కలో రొయ్యలు కావు, రుచి" అంది.

అదీ అసలు సంగతి. ఆ బండావిడ మమ్మల్ని మోసం చేయలేదు. అజాగ్రత్తగానూ లేదు. మనకు రొయ్య అంటే కూరలో ముక్క. వాళ్ల వంటింట్లో రొయ్య, చేప ముందుగా ఉప్పు. మనం ఉప్పు డబ్బాకి చెయ్యి చాపే చోట వాళ్లు 'నామ్ ప్లా' సీసాకి చాపుతారు. చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెడితే దిగే ఊట అది. తొమ్ యమ్‌లో ఎర్రటి రంగు, కమ్మదనం కోసం వేసే 'నామ్ ప్రిక్ పావ్' అనే కాల్చిన మిరప ముద్దలోనూ ఎండు రొయ్యలుంటాయి. బొప్పాయి కోరుతో చేసే 'సోమ్ తమ్'లోనూ అంతే. కూరగాయల వేపుడులో ఆయిస్టర్ సాస్ వేస్తారు. గిన్నెలో ఒక్క ముక్క కనిపించకపోయినా ఇవన్నీ ఉండొచ్చు.

అప్పు ఫైళ్లు చూసేవాళ్లకు ఇది తెలిసిన విషయమే. బ్యాలెన్స్ షీట్లో పైకి కనిపించే అంకెలు ఎంత బాగున్నా, కింద చిన్న అక్షరాల్లో ఉండే కంటింజెంట్ లయబిలిటీలు చదవకపోతే మునిగేది మనమే. థాయ్ వంటలో కపి అలాంటిది.

మరి అది లేకుండా వంట ఉంటుందా? ఉంటుంది. ఉత్తర థాయిలాండ్ సముద్రానికి దూరం. అక్కడ పాతకాలం నుంచీ సోయా గింజల్ని ఉడికించి, పులియబెట్టి, అప్పడాల్లా ఎండబెట్టిన 'థువా నావ్' వాడతారు. కాల్చి పొడిచేసి వేస్తే కపి ఇచ్చే లోతు అదీ ఇస్తుంది. మా వాడికి వేరే రోలు, కడిగిన మూకుడు, కొత్త నూనె ఇచ్చి, అందరికన్నా ముందు వాడి చేత వండించింది. చిక్కటి కొబ్బరిపాలు నూనె తేలేదాకా కాచి, అందులో ముద్ద వేయించి, పలచటి పాలు, వంకాయలు, చివర్లో ఆకులు.

దించే ముందు రుచి చూడమంది. పులుపు, ఉప్పు, తీపి, కారం. ఏది తక్కువైందో చెప్పమంది. "కొంచెం తీపి" అన్నాడు. తాటిచక్కెర చిటికెడు వేసింది. "ఇప్పుడు?" మా వాడు గరిటె నాకి, ఏమీ మాట్లాడకుండా పళ్లెం ముందుకు తోశాడు. మూడు రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. చూస్తూ చూస్తూ నా ఖావ్ సోయ్ చల్లారిపోయింది.

మీరూ వెళ్తే గుర్తుంచుకోవాల్సినవి

పడని పదార్థం ఏదైనా ఉంటే బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పండి, ఉదయం మళ్లీ గుర్తుచేయండి. వేరే రోలు, వేరే మూకుడు ఇస్తారా అని అడగండి. సరేనంటేనే చేరండి. ఎలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లు ముందు తమ డాక్టరును అడగాలి. నలుగురూ కపి నూరే గదిలో ఉండటం అందరికీ క్షేమం కాకపోవచ్చు. మందుల సంచీ మీ చేతిలోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు.

శాకాహారులకు రెండు మాటలు తెలియాలి. 'మంగ్సవిరత్' అంటే మాంసం లేనిది. గుడ్డు, పాలు ఉండొచ్చు. అది చెప్పినా చేప ఊట సంగతి విడిగా అడగడం మంచిది. 'జే' అంటే ఇంకా కట్టుదిట్టం. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. జే దుకాణాలకు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలుంటాయి. శనివారాలు ఉల్లి, వెల్లుల్లి ముట్టని మన పెద్దవాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు.

మూడు వాక్యాలు నేర్చుకోండి. 'ఫే కుంగ్' అంటే రొయ్యలు పడవు. 'మై సయ్ కపి' అంటే కపి వేయొద్దు. 'మై సయ్ నామ్ ప్లా' అంటే చేప ఊట వేయొద్దు. అయితే థాయ్ భాషలో పలికే స్వరం మారితే అర్థమే మారిపోతుంది. కాబట్టి మీ బడి టీచరు చేత థాయ్ లిపిలో ఒక చీటీ రాయించుకోండి. వెయ్యి బాట్ల తరగతిలో మాకు దక్కిన అన్నిటికన్నా విలువైన వస్తువు ఆ చీటీయే.

డబ్బు విషయంలో ఒక మాట. కార్డు గీసినప్పుడు మిషన్ "రూపాయల్లోనా, బాట్లలోనా?" అని అడుగుతుంది. రూపాయలు చూడగానే మన డబ్బే కదా అని నొక్కేస్తాం. బాట్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మార్పిడి రేటు అక్కడి మిషన్ వాళ్లు వేస్తారు, అది సాధారణంగా మనకు నష్టం. ఏటీఎంలో తీస్తే మాకు ప్రతిసారీ 220 బాట్లు ఛార్జీ పడింది. కాబట్టి కొంచెం కొంచెం తీయకుండా లెక్క వేసుకుని ఒకేసారి తీయండి. చిన్న బళ్లలో, బండ్ల దగ్గర నగదే నడుస్తుంది. నెలల విషయానికొస్తే, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చియాంగ్ మై చుట్టూ పొలాలు, అడవులు కాల్చిన పొగ కమ్ముకుంటుంది. మేం వెళ్లిన డిసెంబరు హాయిగా ఉంది. మార్చి క్లోజింగ్‌కు ముందు సెలవు దొరకడం ఒక్కటే కష్టం!

ఇంట్లో చేసుకోవాలంటే

నలుగురికి సరిపడా మేం చేసుకునే తీరు ఇది. ధనియాలు ఒక చెంచా, జీలకర్ర అర చెంచా వేయించి పొడి కొట్టాలి. నిమ్మగడ్డి రెండు కాడల కింది భాగం, అంగుళం దుంపరాష్ట్రం, దొరక్కపోతే అందులో సగం అల్లం, కొత్తిమీర వేళ్లు నాలుగైదు, కొంచెం నిమ్మతొక్క, పచ్చిమిరప పది, చిన్న ఉల్లి అయిదారు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఉప్పు. పైన చెప్పిన వరసలో నూరాలి. రెండు కప్పుల చిక్కటి కొబ్బరిపాలలో సగం మూకుట్లో పోసి నూనె తేలేదాకా కాచి, ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించాలి. మిగతా పాలు, కప్పు నీళ్లు, నీటి వంకాయలు వేసి ఉడికించి, సోయా సాస్, చిన్న ముక్క తాటిబెల్లం వేయాలి. చివర్లో దబ్బాకులు రెండు మూడు, సబ్జా మొక్క ఆకులు గుప్పెడు. అచ్చంగా చియాంగ్ మై రుచి రాదు. మన ఇంటి రుచి వస్తుంది, అదీ బాగానే ఉంటుంది. అన్నంలోకి కలుపుకోవడమే.

తిరిగి వచ్చేముందు బ్యాంకాక్‌లో ఒక రాత్రి ఉన్నాం. మళ్లీ ఒక వీధి బండి. ఈసారి నేను నోరు తెరవలేదు. మా వాడే చీటీ తీసి చూపించాడు. ఆవిడ చదివి, ఒక మూకుడు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఇంకో గిన్నె వైపు చూసి మళ్లీ అడ్డంగా ఊపింది. తర్వాత మమ్మల్ని ఆగమని, నాలుగు బండ్ల అవతల ఉన్న పసుపు జెండా దగ్గరికి స్వయంగా తీసుకెళ్లి అప్పగించింది. తన బేరం పోగొట్టుకుని మరీ. మొదటి రాత్రి అడగాల్సినట్టు అడిగి ఉంటే ఆ బండావిడ కూడా ఇలాగే చేసి ఉండేదేమో.

మా పెరట్లో కుండీ కింద ఎత్తుగా పెట్టిన అమ్మమ్మ రోలు ఇప్పుడు వంటింట్లోకి వచ్చింది. ఆదివారాలు ముద్ద నూరేది మా అబ్బాయే.